మాట తప్పిన నోటుకే మన్నన

చచ్చిన గేదె కుండెడు పాలిచ్చేదని సామెత. గేదెల సంగతేమో గానీ, అమెరికాలో దివాలా తీసిన బ్యాంకుల నోట్లు పోగుచేసే మాలాంటి వాళ్లకు ఇది వేదవాక్కు.

అంతర్యుద్ధానికి ముందు అక్కడ రాష్ట్రం అనుమతిస్తే చాలు, ప్రతి బ్యాంకూ తన నోట్లు తానే అచ్చువేయించుకునేది. మూడు డాలర్ల నోటు కూడా ఉండేది. నోటు తెచ్చినవాడికి వెండో బంగారమో ఇస్తామని దాని మీద హామీ. ఆ హామీ వెనుక ఏముందో చూద్దామని మిషిగన్‌లో 1838 ప్రాంతంలో అధికారులు బయలుదేరితే, పెట్టెల్లో పైన నాణేలు, అడుగున మేకులు కనిపించాయి. ఒక బ్యాంకులో లెక్కపెట్టిన నాణేలే వాళ్లకంటే ముందు బండెక్కి తర్వాతి బ్యాంకుకు చేరేవి. రోడ్ ఐలండ్‌లో ఫార్మర్స్ ఎక్స్ఛేంజ్ బ్యాంకు 1809లో కుప్పకూలినప్పుడు జనం చేతుల్లో లక్షల డాలర్ల నోట్లున్నాయి. పెట్టెలో ఉన్నది 86 డాలర్లు, కొంత చిల్లర. ఆ చిల్లరను కూడా దాచకుండా చూపిన నిజాయితీని ఎవరూ మెచ్చుకోరేమి?

మాట నిలబెట్టుకున్న బ్యాంకులూ లేకపోలేదు. వాటి తప్పు అదే. తెచ్చిన నోటుకల్లా డబ్బిచ్చి, ఆ నోటును రద్దు చేశాయి. ఇక మాకేం మిగులుతుంది? ఎగ్గొట్టిన బ్యాంకుల నోట్లు మాత్రం రైతుల పెట్టెల్లో భద్రంగా పడి ఉన్నాయి. అప్పుడు నెత్తీనోరూ కొట్టుకున్నవాడి సొత్తును ఇప్పుడు మేం ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, మడత పడలేదు కదా అని భూతద్దంతో వెతుకుతున్నాం. ఆనాటి దొంగనోట్లకు కూడా గిరాకీ ఉంది. నోటిచ్చిన బ్యాంకే బూటకమైనప్పుడు దొంగనోటును వేలెత్తి చూపడం అన్యాయం కదా!

1865లో అమెరికా చట్టసభ కాంగ్రెసు ఈ నోట్ల మీద నూటికి పది పన్ను వేసి ఆట కట్టించింది.

నా దగ్గర న్యూ ఓర్లీన్స్ కెనాల్ బ్యాంకు 20 డాలర్ల నోటు ఒకటుంది. చలామణికి వెళ్లనేలేదు, ప్రెసిడెంటు, క్యాషియరు సంతకాల చోటు ఖాళీ. ఎవరినీ ముంచే అవకాశమే రాలేదు, అందుకే చవకగా దొరికింది. ఇలాంటి వాటి మీద తర్వాతి కాలంలో ఎవరో సంతకాలు గీకి అమ్మిన సందర్భాలూ ఉన్నాయి. రాత్రిళ్లు ఆ ఖాళీ గీతను చూస్తూ కూర్చుంటాను. నా చేతిరాత కూడా అంత చెడ్డదేమీ కాదు.