తెర మీద ఒకరు, గొంతు ఇంకొకరిది

స్టార్ వార్స్ సినిమాల్లో విలన్ డార్త్ వేడర్ ముసుగులో ఉన్నది డేవిడ్ ప్రౌజ్ అయితే, గొంతు జేమ్స్ ఎర్ల్ జోన్స్‌ది అని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో చక్కగా చెప్పారు. 1977లో వచ్చిన ఆ మొదటి సినిమాలో జోన్స్ పేరు కూడా వేయలేదు.

దీనికి ఏమాత్రం తీసిపోని విశేషం మన 1997 నాటి అన్నమయ్యలో ఉంది. సుమన్‌కి మామూలుగా సాయికుమార్ గొంతే మనకి అలవాటు. కానీ అందులో వేంకటేశ్వరస్వామిగా సుమన్ పలికిన మాటలన్నీ బాలుగారివి. అన్నమయ్యగా నాగార్జున పాడే పాటలూ బాలుగారివే! చివర్లో గర్భగుడి సన్నివేశం మళ్లీ ఒకసారి చూడండి. 'అంతర్యామి' అని ఆర్తిగా పిలిచే భక్తుడిదీ, ఎదురుగా వచ్చి చల్లగా మాట్లాడే దేవుడిదీ ఒకటే కంఠం. అయినా మనకి ఎక్కడా అనుమానం రాదు. ఆ పాటలో అలసట, బాధ ఉంటాయి. స్వామి మాటలో మాత్రం తొందరే ఉండదు. ఈ డబ్బింగ్‌కి ఆయనకి నంది అవార్డు కూడా వచ్చింది.

దశావతారం తెలుగులో అయితే కమల్ పది పాత్రల్లో ఏడింటికి బాలుగారే డబ్బింగ్ చెప్పారు, ముసలావిడతో సహా. గాయకుడిగా ఆయన్ని ఎంత తలుచుకుంటామో, ఈ పనికీ అంతే తలుచుకోవాలని నా కోరిక. డబ్బింగ్ కళాకారుల మీద విడిగా ఒక వ్యాసం రాయండి, దయచేసి.