ఆ రెండు బటన్లూ నొక్కినంత మాత్రాన బోల్డ్ ఇటాలిక్ అయిపోదు

పోస్టర్ మీద నాలుగు మాటలు గట్టిగా చెప్పాలి. టైప్ చేస్తారు, బోల్డ్ నొక్కుతారు, ఇంకాస్త ఊపు కావాలని ఇటాలిక్ కూడా నొక్కుతారు. అక్షరాలు లావవుతాయి, కుడికి ఒరుగుతాయి. పనైపోయిందనుకుంటారు. అవలేదండీ. ఆ ఫాంట్‌లో ఎవరో కూర్చుని గీసిన బోల్డ్ ఇటాలిక్ లేకపోతే, సాఫ్ట్‌వేర్ ఉన్న అక్షరాన్నే పక్కకి తోసేసి మనకి చూపిస్తుంది. డిజైన్ చేసేవాళ్లు కూడా దీన్ని ఇంత తేలిగ్గా తీసుకుంటుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

తోస్తే ఏమవుతుందో ఇంగ్లిష్ 'ఓ'లో చూడండి. ఒరగ్గానే గీత మందం చెడిపోతుంది. పైన కుడివైపు, కింద ఎడమవైపు ఉబ్బుతుంది. మిగతా రెండు మూలలూ చిక్కిపోతాయి. పెద్ద 'ఏ'లో ఎడమ కాలు మరింత వాలి సన్నబడుతుంది, కుడి కాలు నిటారుకి దగ్గరై లావెక్కుతుంది. సన్నటి అక్షరంలో ఈ తేడా కంటికి ఆనదు. బోల్డ్‌లో గీతతో పాటు తప్పు కూడా లావవుతుంది. అందులోనూ డిస్‌ప్లే ఫాంట్ అంటేనే పెద్ద సైజులో వాడేది, దాక్కోవడానికి చోటే ఉండదు.

గీసేవాళ్ల అసలు కష్టం నలుపుతో కాదు, తెలుపుతో. గీత లావయ్యే కొద్దీ అక్షరం లోపలి ఖాళీ, అంటే కౌంటర్, కుంచించుకుపోతుంది. చిన్న 'ఈ' కన్ను పూడిపోతుంది. ఇటాలిక్‌లో చిన్న 'ఎన్' వంపు నిలువు గీత అడుగు నుంచే విడిపోతూ పైకి లేస్తుంది కాబట్టి, ఆ సందు లోతుగా, ఇరుకుగా ఉంటుంది. బరువు పెంచితే ముందు మూసుకుపోయేది అదే. దాన్ని తెరిచి ఉంచడానికి కలిసే చోట గీతని సన్నగా కోయాలి, అలా కోసినట్టు తెలియకూడదు. తర్వాత స్పేసింగ్. 'ఎఫ్' తల పక్క అక్షరం మీదికి వాలుతుంది, తోక ముందున్న అక్షరం కిందికి పోతుంది. సీసపు అచ్చుల రోజుల్లో అలా బయటికి పొడుచుకొచ్చిన ముక్కలు విరిగిపోయేవి. ఇప్పుడు విరగవు గానీ, ఒక్కో జంటనీ చూసి కెర్నింగ్, అంటే వాటి మధ్య దూరం సరిచేసే శ్రమ అలాగే ఉంది.

అసలు బోల్డ్, ఇటాలిక్ వేర్వేరుగా పుట్టాయి. వెనిస్‌లో ఆల్డస్ మనూటియస్ 1501లో లాటిన్ కవి వర్జిల్ కావ్యాలను పూర్తిగా ఇటాలిక్‌లోనే అచ్చేశాడు. ఆ అచ్చులు చెక్కింది ఫ్రాంచెస్కో గ్రిఫో. దానికి మూలం అప్పటి చేతిరాత. పెద్ద అక్షరాలైతే (క్యాపిటల్స్) నిటారుగానే ఉండేవి. అంటే ఇటాలిక్ మొదట ఒక మాటను నొక్కి చెప్పడానికి రాలేదు, పుస్తకం మొత్తం చదివించడానికి వచ్చింది. లావు అక్షరాలది వేరే కథ. 19వ శతాబ్దం మొదట్లో లండన్‌లో ప్రకటనల కోసం ఫ్యాట్ ఫేస్‌లు వచ్చాయి, వాటికి ఇటాలిక్‌లూ గీశారు. మామూలు అక్షరాల పక్కన వాడుకునే బోల్డ్‌గా పేరు తెచ్చుకున్న క్లారెండన్ 1845 నాటిది. ఇంత వేర్వేరు స్వభావాల్ని ఒక్క అక్షరంలో కలపాలంటే మళ్లీ మొదటి నుంచి గీయాల్సిందే. అమెరికన్ డిజైనర్ ఆస్వాల్డ్ కూపర్ అదే చేశాడు. 1922లో వచ్చిన తన లావు ఫాంట్ కూపర్ బ్లాక్‌కి తర్వాత తనే ఇటాలిక్ గీశాడు. అంత బరువులోనూ అది బ్రష్‌తో రాసినట్టు ఉంటుంది. నిటారు కూపర్ బ్లాక్‌ని ఎన్ని డిగ్రీలు వంచినా అది రాదు.

ఆకారం మారకుండా ఒరిగే ఆబ్లిక్‌లు తప్పని నేననట్లేదు. ఒరిగాక మందాలు సరిచేస్తే అవీ మంచి అక్షరాలే. అమెరికన్ కళాకారిణి బార్బరా క్రూగర్ నలుపు తెలుపు ఫొటోల మీద ఫ్యూచురా బోల్డ్ ఆబ్లిక్‌తో పెట్టిన మాటలు చూడండి. కొన్నే మాటలు, గట్టి రంగు పట్టీ, చుట్టూ ఇంకే గొడవా లేదు. బోల్డ్ ఇటాలిక్ వాడాల్సింది అలా. ఆటల జెర్సీ మీద పేరు, పత్రిక ముఖచిత్రం, డబ్బా మీద సరుకు పేరు, ఇవి దాని చోట్లు. పేరా మొత్తం అందులో పెడితే రెండో వాక్యానికే కళ్లు లాగుతాయి. తోకలూ మెలికలూ ఉన్న పెద్ద అక్షరాలతోనే మాట మొత్తం రాస్తే అది ముడిపడిపోతుంది, ఎవరూ చదవలేరు. వెబ్‌సైట్లు చేసేవాళ్లకి ఒక మాట: బోల్డ్ ఇటాలిక్ ఫైల్ ఇవ్వకపోతే బ్రౌజర్ తనే నకిలీది తయారుచేస్తుంది. సీఎస్ఎస్‌లో ఫాంట్-సింథసిస్‌ని నన్ అని పెడితే ఆగుతుంది. దయచేసి పెట్టండి.

మన లిపి సంగతికొస్తే నాకు ఇంకా కోపం వస్తుంది. తెలుగుకి ఇటాలిక్ సంప్రదాయమే లేదు, అయినా అదే బటన్ నొక్కుతాం. అక్షరం పైనున్న గుడి కుడికి, కిందున్న వత్తు ఎడమకి జరిగి పక్కవాటిని గుద్దుకుంటాయి. ఘ, ఝ లాంటివాటిలో సందులు అసలే తక్కువ, బోల్డ్ చేశాక అవీ మిగలవు. అలాగని తెలుగు అక్షరాలకి వాలు పనికిరాదనడం తప్పు. బ్రష్‌తో శీర్షికలు రాసే చేతిలో ఆ వాలు సహజంగా వస్తుంది, వత్తు ఎక్కడ కూర్చోవాలో ఆ చేతికి తెలుసు. దాన్ని చూసి ఫాంట్‌గా గీసేవాళ్లు కావాలి. గీసేటప్పుడు అ, క లతో కాకుండా ఝ, ఘ, స్త్ర లతో మొదలుపెట్టమంటాను. బరువు ఎంతవరకు పెంచవచ్చో అవే చెప్తాయి.