సోనార్ పచ్చగా ఉంది సరే, కోడ్ చదివితే అర్థమవుతాదా?

కోడ్ నాణ్యతను కొలిచే సోనార్‌క్యూబ్ అనే టూల్ రిపోర్టులో అన్నీ పచ్చగా వచ్చాయని గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టే టీములకు ఒక మాట. ఆ పచ్చ ఎట్లా వచ్చిందో ముందు చెప్పండి. నాలుగొందల లైన్ల ఫంక్షన్‌ని ఆరు ముక్కలు కోసి, వాటికి ప్రాసెస్-1, ప్రాసెస్-2 అని పేర్లు పెట్టి, ఒక్కోదానికి తొమ్మిది పారామీటర్లు పంపి తెచ్చారా? అయితే మీరు తగ్గించింది కోడ్ ఎంత చిక్కుగా ఉందో చూపే కాంప్లెక్సిటీ నంబరు మాత్రమే. చదివేవాడి తిప్పలు అట్లనే ఉండాయి, పైగా ఇప్పుడు ఆరు చోట్ల వెతకల్ల.

అనంతపురం, కర్నూలు, కడపల్లో ఇంటి దగ్గర కూర్చుని బెంగళూరు కంపెనీలకు కోడ్ రాసే మనోళ్లు చాలామందికి ఈ నంబరు ఒక గేటు. దాటితే చాలు. అది దేన్ని కొలుస్తాదో అడిగేవాళ్లు తక్కువ.

ఇట్లాంటి నంబర్లలో ఒకటి సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీ. దాన్ని 1976లో థామస్ మెకేబ్ ప్రతిపాదించినాడు. లెక్క చాలా సులువు. ఒకటితో మొదలుపెట్టి ప్రతి ఇఫ్‌కి, లూప్‌కి, కేస్‌కి, క్యాచ్‌కి ఒకటి కలుపుతూ పోవడమే. చాలా టూల్స్ షరతులో ఉండే అండ్, ఆర్‌లకు కూడా ఒకటి వేస్తాయి. 10 దాటితే జాగ్రత్త అన్నాడాయన. ఫంక్షన్‌లో ఒకదానికొకటి సంబంధం లేని దారులు ఎన్ని, వాటిని కప్పడానికి ఎన్ని టెస్టులు కావాల అన్నది తెలుసుకోవడానికి అది బ్రహ్మాండంగా పనికొస్తాది. చదవడం ఎంత కష్టమో మాత్రం చెప్పదు.

కర్నూలు మార్కెట్ యార్డు లాంటి చోట రైతు చేతికిచ్చే తక్‌పట్టీని (అమ్మకం బిల్లును) లెక్కగట్టే ప్రోగ్రాం తీసుకోండి. పంటను బట్టి రేటు కోడ్ ఇచ్చే ఫంక్షన్ ఒకటి ఉంటాది: ఉల్లి, వేరుశనగ, కంది, ఆముదం... ఎనిమిది పంటలకు ఎనిమిది కేసుల స్విచ్. సైక్లోమాటిక్ 9. ఇంకో ఫంక్షన్‌లో లాట్ల మీద లూప్, దాని లోపల కాటా అయిందా అని ఇఫ్, దాని లోపల తరుగు ఉందా అని ఇఫ్, ఇంకా లోపల అడ్వాన్సు తీసుకున్నాడా అని ఇఫ్. సైక్లోమాటిక్ 5. మెకేబ్ లెక్కన రెండోదే సులువు! మొదటిది కాలేజీ పిల్లోడు కూడా నిమిషంలో చదివేస్తాడు. రెండోదాంట్లో అట్టడుగు లైనుకు వచ్చేసరికి నాలుగు షరతులు తలలో మోసుకుని తిరగల్ల.

సోనార్ వాళ్ల కాగ్నిటివ్ కాంప్లెక్సిటీ ఇందుకే వచ్చింది. స్విచ్ మొత్తానికి ఒకటే వేస్తాది, లోతుకు మాత్రం జరిమానా వేస్తాది: ఒక్కో మెట్టు లోపలికి పోతే ఒకటి ఎక్కువ. మన స్విచ్‌కి 1. లాట్ల ఫంక్షన్‌కి 1+2+3+4, అంటే 10. ఇప్పుడు నంబరు మన కంటితో ఏకీభవిస్తా ఉంది.

ఆ 10ని దించేదెట్లా? లోపలి ఇఫ్‌లను తిరగేసి, పనికిరాని లాట్‌ను పైనే కంటిన్యూతో (తర్వాతి లాట్‌కు దూకించే ఆదేశంతో) పంపించేయండి. 1+2+2+2, అంటే 7 అయితాది. తర్వాత లూప్ లోపలి భాగాన్ని 'ఒక లాట్ లెక్క' అనే ఫంక్షన్‌గా బయటికి తీస్తే అక్కడ 3, లూప్ దగ్గర 1. ఇది కూడా ముక్కలు చేయడమే కదా అంటారా? అవును. కానీ ఈ ముక్కకు ఒక పేరుంది, పారామీటర్ ఒకటే, విడిగా టెస్టు రాయొచ్చు. పేరు పెట్టలేని ముక్కను కోయొద్దు.

దెబ్బ తగిలేది ఇక్కడే. లోపలి ఇఫ్ ముగిసినాక, బయటి ఇఫ్‌లోనే హమాలీ కోసే లైను ఒకటి ఉందనుకోండి. తొందరపడి కంటిన్యూ పెడితే అడ్వాన్సు తీసుకోని రైతులందరికీ హమాలీ ఎగిరిపోతాది. ఎర్రర్ రాదు, మొత్తం మాత్రం తప్పు. రౌండింగ్ ఇంకో గొయ్యి. 10.40, 20.40, 5.40 అని మూడు కోతలుంటే విడివిడిగా రౌండ్ చేస్తే 35, కలిపి చేస్తే 36. కోడ్ సర్దేటప్పుడు రౌండింగ్ జరిగే చోటు మారితే బిల్లుకో రూపాయి తేడా. యార్డులో రూపాయికి గొడవ కాదంటారా?

అందుకే ముట్టుకునే ముందు పాత బిల్లులు ఒక 300 తీసి, పాత కోడ్ ఇచ్చిన అంకెల్ని భద్రం చేయల్ల. బరువు సున్నా ఉన్నవి, సగం అమ్ముడైన లాట్లు, అడ్వాన్సే ఎక్కువై రైతు తిరిగి బాకీ పడినవి కచ్చితంగా ఉండల్ల. ప్రతి మార్పుకీ పైసాతో సహా సరిపోవల్ల.

సగటు చూపించేవాళ్లను అసలు నమ్మొద్దు. రెండొందల గెట్టర్లు, సెట్టర్లు (షరతుల్లేని చిన్న ఫంక్షన్లు) ఉన్న ప్రాజెక్టులో కాంప్లెక్సిటీ 60 ఉన్న ఫంక్షన్ సగటులో మాయమైపోతాది. కోడ్‌ను చూసుకోవడం ఎంత సులువో మార్కులేసే మెయింటైనబిలిటీ ఇండెక్స్ అయితే మరీ విచిత్రం. విజువల్ స్టూడియోలో 100కి 20 వస్తే పచ్చ రంగు. ఇంటర్ పాస్ కావాలన్నా 35 కావాలి సామీ!

కాంప్లెక్సిటీ లెక్కగట్టే లిజార్డ్ లాంటి టూల్‌తో ఫంక్షన్లను పెద్ద నంబరు నుంచి కిందికి పేర్చండి. గిట్ లాగ్‌లో (కోడ్ మార్పుల చిట్టాలో) ఏడాదిగా ఏ ఫైలు ఎన్నిసార్లు మారిందో లెక్కపెట్టండి. రెండు జాబితాల్లోనూ పైన ఉన్నవే మీ పని. నంబరు 60 ఉన్నా సరే, అయిదేళ్లుగా ఎవరూ ముట్టుకోకుండా సరిగా నడిచే ఫంక్షన్ జోలికి పోవద్దు.

వరసగా ఉండే ఇఫ్‌లను తేలిగ్గా తీసుకోవద్దు. విడివిడిగా పది ఇఫ్‌లుంటే సైక్లోమాటిక్ 11 మాత్రమే, మొత్తం దారులు 1024. అన్నింటికీ టెస్టు ఎవరూ రాయలేరు. రేట్లను, మినహాయింపులను తేదీతో సహా ఒక పట్టికలోకి తోస్తే సగం ఇఫ్‌లు పోతాయి. కానీ ఆ పట్టికలో మళ్లీ షరతులు, ఫార్ములాలు రాయడం మొదలుపెడితే డీబగ్గర్ లేని కొత్త భాష ఒకటి తయారుచేసినట్లే.

గేటు కొత్త కోడ్‌కే పెట్టండి. పాత ఫంక్షన్ 38 ఉంటే పుల్ రిక్వెస్ట్ (కొత్త మార్పును కలపమనే విన్నపం) తర్వాత 39 కాకూడదు, అంతే. ఎవరైనా హెచ్చరికను నోరు మూయించే కామెంట్ పెడితే, ఎందుకు పెట్టాడో, ఎప్పుడు తీస్తాడో అదే లైనులో రాయించండి. రాయకపోతే రివ్యూ దాటనివ్వద్దు.