లిఖితపూర్వక సమాధానం గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ పార్లమెంటు లిఖితపూర్వక సమాధానం గారి సముఖమునకు,

అనేక నమస్కారములు. ఉభయకుశలోపరి. తమరి కుశలం అడగడం మర్యాద కోసమే తప్ప అనుమానం ఉండి కాదు. 2020 సెప్టెంబరు సమావేశాల్లో కరోనా కారణంగా ప్రశ్నోత్తరాల సమయాన్నే పక్కన పెట్టినప్పుడు కూడా తమరికి చీమ కుట్టినట్టయినా కాలేదు. లేచి నిలబడి అడిగే అవకాశం సభ్యులకు పోయింది గానీ, కాగితం రూపంలో తమరు యథావిధిగా వెలువడుతూనే ఉన్నారు.

తమరి స్థాయి నాకు తెలియనిది కాదు. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్ర గుర్తు ప్రశ్నలు (మంత్రులు సభలో నోటితో జవాబు చెప్పవలసినవి), 230 గుర్తు లేని ప్రశ్నలు (కాగితం మీద జవాబుతో సరిపోయేవి) జాబితాకెక్కుతాయి. ఆ ఇరవైలో కొన్నింటికి మంత్రులు నోటితో జవాబు చెప్పేసరికే గంట గడిచిపోతుంది. మిగిలినవన్నీ తమరి ఖాతాలోకే వస్తాయి. ప్రభుత్వాన్ని ఒక ప్రజాప్రతినిధి నిలదీయడమనే పనిలో సింహభాగం తమరి మీదే నడుస్తున్నదన్నమాట. నా మనవి ఒకే ఒక విషయం గురించి: వైద్యులు చీటీ మీద రాసిచ్చే పరికరాల సంగతి.

ఒక సభ్యురాలు ఉన్నారనుకుందాం. ఏ పార్టీ అన్నది అనవసరం, తమరికి అందరూ సమానమే. ఆమె నియోజకవర్గంలో ఒక పెద్దాయనకు చెవుల డాక్టరు వినికిడి యంత్రం రాశారు, కొనే స్తోమత ఆయనకు లేదు. సభ్యురాలు పదిహేను రోజుల ముందే నోటీసు ఇచ్చి, 150 పదాలు దాటకూడదన్న నియమాన్ని పాటిస్తూ, "మంత్రి గారు దయచేసి తెలియజేయగలరా" అని మొదలుపెట్టి, (అ) ఇటువంటి పరికరాలను రోగులకు అందించే విధానం ఉన్నదా, (ఆ) ఉంటే వివరాలేమిటి, (ఇ) లేకుంటే కారణాలేమిటి అని వినయంగా అడిగారు. ఇక్కడినుంచి తమరి ప్రతిభ మొదలవుతుంది.

ప్రశ్న ఆరోగ్య శాఖకు వెళ్తే, ప్రజారోగ్యం, ఆస్పత్రులు రాష్ట్రాల జాబితాలోని అంశమని తమరు రాజ్యాంగాన్ని గుర్తు చేస్తారు. ఏడవ షెడ్యూలు, రెండవ జాబితా, ఆరవ పద్దు, కాదనడానికి లేదు. అయితే 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ చట్టం దృష్టిలో ఔషధాలే అయ్యాయి కదా, ఔషధాలు కేంద్రానికీ రాష్ట్రాలకూ ఇద్దరికీ చెందిన ఉమ్మడి జాబితాలో పందొమ్మిదవ పద్దు కదా అని ఎవరైనా గొణిగితే, ఆ గొణుగుడు తమరి దాకా రాదు. సరే, ధర సంగతైనా చెప్పమంటే, అది ఔషధాల విభాగానిది. ఆ విభాగం ఉన్నది రసాయనాలు, ఎరువుల మంత్రిత్వ శాఖలో. గుండె రక్తనాళంలో పెట్టే స్టెంటుకూ, వరి మడిలో చల్లే యూరియాకూ ఒకే మంత్రి గారు జవాబుదారీ కావడంలోని ఔచిత్యం నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఇక వికలాంగులకు ఉచితంగా ఇచ్చే పరికరాలంటారా, అవి సామాజిక న్యాయ శాఖ కింద నడిచే ఆడిప్ పథకంలోనివి. దానికి కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం కావాలి. మన పెద్దాయన చెవుడు ఆ శాతానికి కాస్త తక్కువైతే, వైద్యుడి దృష్టిలో ఆయనకు యంత్రం అవసరం, ఆ పథకం దృష్టిలో ఆయన చెవులు భేషుగ్గా ఉన్నాయి.

అంత్యనిష్ఠూరం కన్నా ఆదినిష్ఠూరం మేలన్నారు కనుక ఒక మాట స్పష్టంగా చెబుతాను. తమరు అబద్ధమాడరు. అడిగినదానికి పక్కనే ఉన్న నిజాన్ని ఎంతో శ్రద్ధగా చెబుతారు. శిబిరాల్లో ఎన్ని వినికిడి యంత్రాలు పంచారని అడిగితే, రాష్ట్రాలవారీగా అనుబంధం జతచేసి మరీ అంకెలు ఇస్తారు. వాటిలో ఎన్ని ఇంకా చెవుల మీద ఉన్నాయని అడిగితే, అటువంటి సమాచారం కేంద్ర స్థాయిలో నిర్వహించడం లేదంటారు. ఆ యంత్రంలో వేసే జింక్-ఎయిర్ బ్యాటరీని తమరు చూసి ఉండకపోవచ్చు. చొక్కా గుండీ కన్నా చిన్నది. దాని మీది స్టిక్కరు పీకి గాలి తగలనిస్తేనే అది పనిచేస్తుంది. ఒకసారి తగిలాక యంత్రం వాడినా వాడకపోయినా కొన్ని వారాల్లో అయిపోతుంది. కొత్త బ్యాటరీ దొరకని ఊళ్ళో ఆ యంత్రం సొరుగులోకి చేరుతుంది, దాన్ని అందుకున్నవారు తమరి అనుబంధంలో మాత్రం లబ్ధిదారుగానే మిగులుతారు.

రక్తంలో చక్కెర చూసే గ్లూకోమీటరు కథ ఇంకా బాగుంటుంది. 2021 జులైలో ఐదు పరికరాల వ్యాపార లాభాన్ని, పంపిణీదారుకు ఇచ్చే ధర మీద 70 శాతానికి పరిమితం చేశారు. నియంత్రణ అనే మాటకు ఇంత ఉదారమైన అర్థం ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. పల్స్ ఆక్సిమీటరు, రక్తపోటు చూసే యంత్రం, నెబ్యులైజరు, డిజిటల్ థర్మామీటరుతో పాటు ఆ జాబితాలో గ్లూకోమీటరూ ఉంది. వేలు గుచ్చుకుని రక్తపు చుక్క అద్దే స్ట్రిప్పు లేదు. మీటరు కొనేది ఒకసారి, స్ట్రిప్పులు కొనేది బతికున్నన్నాళ్ళూ అని మధుమేహ రోగి ఇంట్లో చిన్న పిల్లలకైనా తెలుసు. గరిష్ఠ చిల్లర ధరను పన్నెండు నెలల్లో 10 శాతానికి మించి పెంచకూడదన్న నియమం ఉంది కదా అని తమరు అనవచ్చు. ఆ నియమం పెరుగుదలకే. మొదట పెట్టిన ధర ఎంత ఎత్తున ఉన్నా దానికి పట్టింపు లేదు.

ఆయుష్మాన్ భారత్ ప్రస్తావన తమరు ఎలాగూ తెస్తారు కనుక నేనే తెస్తున్నాను. 2018 సెప్టెంబరులో మొదలైన ఆ పథకం కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా రక్షణ ఇస్తుంది, ఆస్పత్రిలో చేరితే. వైద్యుడు చీటీ రాసి ఇంటికి పంపిన రోగి ఆ లెక్కలోకి రాడు. రాత్రిపూట ఊపిరి ఆడటానికి ఇంట్లో పెట్టుకునే యంత్రమో, చెవి యంత్రమో రాయించుకున్నవాడు చేసిన నేరమల్లా మంచం పట్టకపోవడమే.

తమరు సూటిగా మాట్లాడలేరని నేననను. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం స్టెంట్లకు గరిష్ఠ ధర పెట్టింది: పన్నులు కాక, మామూలు లోహపు స్టెంటుకు 7,260 రూపాయలు, మందు పూత ఉన్నదానికి 29,600 రూపాయలు. అదే ఏడాది ఆగస్టులో కృత్రిమ మోకాలి కీళ్ళ వంతు వచ్చింది. ఆ తరువాత వాటి గురించి అడిగినవారికి తమరు చెప్పిన జవాబులో ఒక అంకె ఉంది, ఒక తేదీ ఉంది. నిర్ణయం జరిగిన చోట తమరి భాష ఎంత పొట్టిగా, ఎంత అందంగా ఉంటుందో అప్పుడు చూశాం. జరగని చోటనే "పరిశీలనలో ఉన్నది", "సమాచారం సేకరించి సభ ముందు ఉంచడం జరుగుతుంది" అన్నవి వస్తాయి. వీటిని హామీలుగా లెక్కగట్టి వెంటపడటానికి 1953 నుంచి లోక్‌సభకు ప్రత్యేక కమిటీయే ఉంది. మూడు నెలల్లో తీర్చాలన్నది నియమం, గడువు పొడిగించమని కోరే వెసులుబాటు కూడా నియమమే.

ఇందులో సభ్యుల పాలు లేదనను. "ప్రభుత్వం ఏమైనా యోచిస్తున్నదా" అని అడిగినవారికి "అటువంటి ప్రతిపాదన లేదు" అనే జవాబు రాక ఏమొస్తుంది? (అ)కు "లేదు" అని రాయగానే (ఆ) ఉత్పన్నం కాదు. (ఇ)లో అడిగిన కారణాలకు పథకాల పేర్లు నాలుగు వరసగా పేర్చితే సరిపోతుంది. గుర్తు లేని ప్రశ్నకు అనుబంధ ప్రశ్న, అంటే జవాబు మీద మరో ప్రశ్న, వేసే వీలు లేదని సభ్యులకూ తెలుసు, తమరికి ఇంకా బాగా తెలుసు. అయినా అచ్చయిన కాగితాన్ని నియోజకవర్గంలో చూపించుకోవడానికి కొందరికి జవాబు కన్నా ప్రశ్నే ముద్దు.

కాబట్టి ఆ సభ్యురాలి తరఫున ప్రశ్నను తిరగరాసి పంపుతున్నాను. వైద్యుడు చీటీ మీద రాసిన పరికరం రోగి ఇంట్లో వాడుకోవలసినది అయినప్పుడు, ఆ రోగికి 40 శాతం వైకల్యం లేనప్పుడు, అతడు ఆస్పత్రిలో చేరనప్పుడు, ఆ పరికరానికీ దాని బ్యాటరీలకూ స్ట్రిప్పులకూ అయ్యే ఖర్చు గురించి జవాబు చెప్పవలసిన మంత్రిత్వ శాఖ ఏది? వివరాలు, అనుబంధాలు అక్కరలేదు. శాఖ పేరు ఒక్కటి రాసి పంపితే చాలు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి కోసం వరుసగా ఎదురుచూసే ఒక పాఠకుడు