ఐదు జట్ల ఉపగ్రహాలు, ఇసుకలో మా పెళ్లి వ్యాను

పర్లాకిమిడి నుంచి పెళ్లివారు బయల్దేరితే బండిలో కూర్చునేవాళ్ల కంటే దారి చెప్పేవాళ్లే ఎక్కువ. ఈసారి ఫోను కూడా ఆ జట్టులో చేరింది. కాశీనగరం దాటాక అందులో అమ్మాయి ఎడమకి తిరగమంది, డ్రైవర్ తిరిగాడు, వరిచేల మధ్య పోయి పోయి వంశధార ఒడ్డున ముందు చక్రాలు ఇసుకలో దిగబడ్డాక ‘నేరుగా వెళ్లండి’ అంది. నేరుగా అంటే నదిలోకి. పెళ్లికూతురి ఊరు అవతలి ఒడ్డున కనిపిస్తూనే ఉంది, మైకులో పాట కూడా వినిపిస్తోంది.

చిన్నమావయ్య అందుకున్నాడు. “అమెరికావోడి జీపీఎస్సుని నమ్ముకుంటే ఇలాగే ఉంటాది. కార్గిల్ అప్పుడు అడిగితే ఇవ్వలేదంట. అందుకే మనోళ్లు నావిక్ అని సొంత జీపీఎస్సు ఎట్టేరు.”

పెళ్లికొడుకు తమ్ముడు ఇంజినీరింగు చదువుతున్నాడు, ఊరుకుంటాడా? 2013లో పంపిన మొదటి నావిక్ ఉపగ్రహంలో పరమాణు గడియారాలు మూడూ పాడైపోయాయి, దాని బదులు 2017లో పంపింది రాకెట్ కవచం విడిపోక లోపలే చిక్కుకుపోయింది, 2025లో పంపింది వాల్వ్ తెరుచుకోక ముందు కక్ష్యలోనే ఉండిపోయింది అని మొదలుపెట్టాడు.

“అయితే అదీ మనలాగే దిగబడిపోనాది” అన్నాడు డ్రైవర్.

ఎవరికి వాళ్లు ఇన్ని ఉపగ్రహ వ్యవస్థలు ఎందుకని అడిగితే నేనైతే ఉండాలనే అంటాను. 2019 జులైలో యూరప్‌వాళ్ల గెలీలియో దాదాపు వారం పడుకుంటే ఫోన్లు ఆగిపోలేదు. జీపీఎస్సా, రష్యా గ్లోనాసా, చైనా బైదూనా అని ఫోను చూడదు, తన చిప్పుకి అందే ఉపగ్రహాల సిగ్నళ్లు పట్టుకుని, కనీసం నాలుగు దొరికితే చాలు, లెక్క కట్టేస్తుంది. పైన పోటీ, జేబులో పొత్తు. కానీ వీటిలో ఒక్కటి కూడా దారి చెప్పదు, నువ్వు ఎక్కడున్నావో మాత్రమే చెబుతుంది, అది నూటికి నూరుపాళ్లు కరెక్టే, మేం ఇసుకలోనే ఉన్నాం. దారి గీసింది మ్యాపు. ఎండాకాలం ట్రాక్టర్లు నదిలో దిగి ఇసుక తోలిన బాట అందులో రోడ్డై కూర్చుంది.

ఆ మాటకొస్తే కొఠియా ఊళ్ల సంగతి చూడండి. అక్షాంశ రేఖాంశాల్లో ఉపగ్రహాలకి పేచీ లేదు, ఊళ్లు ఆంధ్రావా ఒడిశావా అన్న గొడవ మాత్రం 1968లో సుప్రీంకోర్టుకెక్కి ఇప్పటికీ తెగలేదు.

ఇంతలో గేదెల్ని కడగడానికి వచ్చినాయన మమ్మల్నీ వ్యానునీ తీరిగ్గా చూసి, “బ్రిడ్జి మీంచి ఎల్లాల బాబూ, దగ్గిరే” అని వెనక్కి చెయ్యి చూపించాడు. మా పక్కల ‘దగ్గిరే’ అంటే ఎంత దూరమో ఏ దేశపు ఉపగ్రహమూ కొలవలేదు.

అందరం దిగి వ్యాను తోస్తుంటే ఆడపెళ్లివారి ఫోను, ఎక్కడున్నారని. చిన్నమావయ్య మాట్లాడకుండా లొకేషన్ పంపాడు. వెంటనే మళ్లీ ఫోను మోగింది.

“వచ్చేసి బయటే నిలబడ్డారేటి బావగారూ? లోపలికి రండి, టిఫిన్లు చల్లారిపోతన్నాయి.”