ప్రార్థన తడబడితే మంత్రగత్తేనా?

1688 నవంబర్ 16న అమెరికాలోని బోస్టన్‌లో ఒక ముసలామెను మంత్రగత్తె అని ఉరితీశారు. పేరు యాన్ గ్లోవర్. ఐర్లండ్ నుంచి వచ్చిన మనిషి, బీదరాలు, కేథలిక్. నాలుగేళ్ల తర్వాత సేలంలో (తమిళనాడు సేలం కాదు, మసాచుసెట్స్‌ది) పంతొమ్మిది మందిని ఉరితీసిన సంగతి చాలామందికి తెలుసు. గ్లోవర్ కేసు గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. నా దృష్టిలో మాత్రం ఇది ఇంకా ఘోరం. ఇక్కడ ఆమె భక్తినే ఆమె మీద సాక్ష్యంగా వాడుకున్నారు.

గొడవ బట్టల దగ్గర మొదలైంది. జాన్ గుడ్విన్ అనే తాపీమేస్త్రీ కూతురు మార్తా, పదమూడేళ్ల పిల్ల, బట్టలు పోయాయని ఉతికే అమ్మాయిని నిలదీసింది. ఆ అమ్మాయి గ్లోవర్ కూతురు. బిడ్డను దొంగ అంటారా అని తల్లి వచ్చి నోటికొచ్చినట్టు తిట్టింది. తర్వాత మార్తాకూ, ఇంట్లో మరో ముగ్గురు పిల్లలకూ ఫిట్స్ లాంటివి మొదలయ్యాయి. డాక్టర్ ఇది చేతబడే అని తేల్చేశాడు.

ఆ ఊళ్లో కేథలిక్‌గా బతకడమంటే ఏమిటో ముందు తెలియాలి. అక్కడ పెత్తనం ప్యూరిటన్‌లది, అంటే కేథలిక్ పద్ధతులంటే గిట్టని కరుడుగట్టిన ప్రొటెస్టెంట్లది. జెసూట్ ఫాదర్లు (కేథలిక్‌లలో ఒక గురువుల సంఘం వాళ్లు) అడుగుపెట్టకూడదని 1647లోనే చట్టం చేశారు. వెళ్లగొట్టాక తిరిగొస్తే మరణశిక్ష. బోస్టన్‌లో తొలి బహిరంగ కేథలిక్ పూజ జరిగింది 1788లో, అంటే గ్లోవర్ పోయిన వందేళ్లకు. ఐర్లండ్‌ను అణచిన ఇంగ్లండ్ పాలకుడు క్రామ్‌వెల్ కాలంలో అక్కడి నుంచి కరీబియన్ దీవి బార్బడోస్‌కు తరలించిన జనంలో ఆమె కూడా ఉందని, అక్కడి నుంచే బోస్టన్ చేరిందని చెబుతారు. గుడి లేదు, గురువు లేడు. ఎప్పుడో నేర్చుకున్న జపాలే ఆమెకు దిక్కు.

వాటినే పరీక్షకు పెట్టారు. యేసు నేర్పిన పరలోక ప్రార్థనను తప్పు లేకుండా చెప్పడం మంత్రగత్తె వల్ల కాదని అప్పటి నమ్మకం. ఆమె లాటిన్‌లో గడగడా చెప్పింది కానీ ఒకటి రెండు మాటల దగ్గర మాత్రం ప్రతిసారీ ఆగిపోయింది. లోకమంతా ఇస్తానన్నా ఆ ముక్క చెప్పలేనందట. ఏ ముక్కో రికార్డులో లేదు. నా అనుమానం ఒకటి. ప్రొటెస్టెంట్లు ఆ ప్రార్థనను ‘రాజ్యము, బలము, మహిమ’ అంటూ ముగిస్తారు. కేథలిక్‌లు అంతకు ముందే ఆపేస్తారు. మన ఊళ్లలో ఆర్‌సీఎం (కేథలిక్) చర్చికీ, సీఎస్ఐ (ప్రొటెస్టెంట్) చర్చికీ రెండింటికీ వెళ్లినవాళ్లు ఈ తేడా వినే ఉంటారు. గ్లోవర్ ఆగింది అక్కడే అయితే, అది దయ్యం పట్టడం కాదు, తన పద్ధతి వదలకపోవడం.

చిక్కేమిటంటే, ఇదంతా మనకు చెప్పింది కాటన్ మేథర్. పాతికేళ్ల ప్యూరిటన్ పాస్టర్, చేతబడి నిజమని గట్టిగా నమ్మినవాడు. జైల్లో ఆమెను కలిశాడు, మరుసటి ఏడాది పుస్తకం అచ్చు వేశాడు. ఆమె నేరం ఒప్పుకుందనీ, ఇంట్లో మేక వెంట్రుకలు కుక్కిన గుడ్డబొమ్మలు దొరికాయనీ రాశాడు. దీన్ని దాటవేయకూడదు. కానీ కోర్టులో ఆమె మాట్లాడింది ఐరిష్‌లో. ఆ మాటలు దుబాసీల మీదుగా వచ్చాయి. తన వాళ్లంటూ ఆమె చెప్పినవాళ్లు దయ్యాలు కాదు, పునీతులే కావచ్చునని మేథర్ రాతలోనే సూచన ఉంది. అది తానే రాశాక కూడా ఆయనకు అనుమానం రాకపోవడమే ఆశ్చర్యం! మతి స్థిమితం చూడటానికి డాక్టర్లను పంపారు, అంతా సరిగ్గానే ఉందన్నారు. 1700లో, మేథర్‌ను తప్పుబట్టిన బోస్టన్ వ్యాపారి రాబర్ట్ కాలెఫ్ మాత్రం ఆమెను మతి చెదిరిన దిక్కులేని ముసలామెగానే వర్ణించాడు.

ఉరితీసినా పిల్లల ఫిట్స్ తగ్గలేదు. మార్తాను మేథర్ తన ఇంట్లో పెట్టుకున్నాడు. సేలం పిల్లలకు వచ్చిన బాధలు గుడ్విన్ పిల్లలవి లాంటివేనని అక్కడి విచారణలు చూసిన జాన్ హేల్ అనే పాస్టర్ తర్వాత రాశాడు.

మూడు వందల ఏళ్లకు, 1988లో, బోస్టన్ సిటీ కౌన్సిల్ నవంబర్ 16ను ఆమె పేరిట ప్రకటించింది. మసాచుసెట్స్ తొలి కేథలిక్ హతసాక్షి (విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన మనిషి) అని ఒక చర్చిలో ఫలకం పెట్టారు. మనసు మంచిదే, కానీ నాకు పూర్తిగా ఒప్పదు. హతసాక్షికి కనీసం ఎంచుకునే అవకాశం ఉంటుంది. మతం మార్చుకుంటే వదిలేస్తామని గ్లోవర్‌తో ఎవరైనా అన్నట్టు మేథర్ రాతలో కనిపించదు. ఆమె మీద మోపింది చేతబడి నేరం. కేథలిక్ కావడం దాన్ని నమ్మడానికి జనానికి దొరికిన కారణం.