ఒకే రికార్డులో ముగ్గురు అమ్మలు

అట్లాంటా చుట్టుపక్కల ఉంటూ లాంగ్ వీకెండ్‌కి ఒక్కసారైనా టెనెసీలోని పిజన్ ఫోర్జ్ వెళ్ళని తెలుగు కుటుంబం ఉందంటే నేను నమ్మను. కారు నిండా పిల్లలు, ఒళ్ళో పులిహోర గిన్నె, పగలు కంట్రీ సింగర్ డాలీ పార్టన్ పేరుమీద ఉన్న డాలీవుడ్ థీమ్ పార్కులో రోలర్ కోస్టర్లు, రాత్రి క్యాబిన్‌లో పేకాట. మేమూ మూడుసార్లు అలాగే వెళ్ళొచ్చాం, ఆ డాలీ ఎవరో, ఏం పాడిందో పట్టించుకోకుండా. నాలుగోసారి మాత్రం దారిలో ఆమె 'కోట్ ఆఫ్ మెనీ కలర్స్' (రంగురంగుల కోటు) పెట్టాను. 1971లో వచ్చిన ఆల్బమ్, మొత్తం పది పాటలు, అరగంట కూడా పట్టదు.

టైటిల్ సాంగ్ కథ చాలామందికి తెలిసిందే. డాలీ పార్టన్ పన్నెండుమంది పిల్లల్లో నాలుగోది, ఆమె పుట్టినప్పుడు డాక్టరుకి ఫీజు కింద మొక్కజొన్న పిండి బస్తా ఇచ్చారట, అంత లేమి. ఎవరో ఇచ్చిన గుడ్డపీలికలన్నీ అతికి అమ్మ కోటు కుడుతుంది, కుడుతూ బైబిల్లో యోసేపుకి తండ్రి ఇచ్చిన రంగుల కోటు కథ చెబుతుంది (మన తెలుగు బైబిల్లో ఆ కోటుని 'విచిత్రమైన నిలువుటంగీ' అన్నారు, ఎంత బాగుందో). పిల్ల మురిసిపోతూ అది వేసుకుని బడికెళితే అందరూ నవ్వుతారు. పాత చీరలతో కుట్టిన బొంత కప్పుకుని పెరిగినవాళ్ళకి ఇది వేరే విడమరిచి చెప్పక్కర్లేదు. 1969లో, అప్పట్లో తను కలిసి పాడే కంట్రీ సింగర్ పోర్టర్ వాగనర్ టూర్ బస్సులో ఈ పాట తట్టినప్పుడు చేతికి కాగితం దొరక్క, ఆయన బట్టల డ్రై క్లీనింగ్ రసీదు వెనక రాసేసిందట.

అందరూ ఇక్కడే ఆగి, కళ్ళు తుడుచుకుని, మదర్ సెంటిమెంట్ అని ముద్ర వేసేస్తారు. నా పేచీ అక్కడే. అసలు ఆ వెంటనే వచ్చే రెండో పాట విన్నారా? 'ట్రావెలింగ్ మ్యాన్'. ఊరూరా తిరిగి సరుకులమ్మేవాడితో కూతురు ప్రేమలో పడుతుంది, అమ్మకి వాడంటే గిట్టదు, ఈ పిల్ల దొంగచాటుగా వెళ్ళి కలుస్తుంటుంది, చివరికి చూస్తే వాడితో లేచిపోయింది అమ్మే! డాలీ దీన్ని ఏడుస్తూ కాదు, హుషారుగా, దాదాపు నవ్వుతూ పాడుతుంది. కారులో మా ఆవిడ "ఇదేం తల్లే బాబూ" అని మళ్ళీ మొదట్నుంచీ పెట్టమంది.

రికార్డు అదే వైపు నాలుగో పాటలో ఇంకో అమ్మ ఉంది. నమ్ముకున్నవాడు తన కళ్ళెదుటే వేరే ఆడదానితో ఉండి, తననీ వేరే మగవాడి దగ్గరికి తోస్తుంటే, మతి పోయేలా ఉందమ్మా, నీ దగ్గరే ఉంటానని తిరిగొచ్చిన కూతురి పాట అది. ఈ ఆల్బమ్‌లో డాలీ స్వయంగా రాసినవి ఏడు, వాగనర్ రాసినవి మూడు, ఈ పాట వాగనర్‌దే. మగవాడు రాశాడంటే వినేటప్పుడు నమ్మబుద్ధి కాదు, ఆ గొంతు అలాంటిది.

వచ్చే మదర్స్ డే ప్రోగ్రామ్‌లో ఎవరైనా ఆ కోటు పాట పాడతామంటే తప్పకుండా పాడమనండి. దాని వెనకే రెండోది కూడా పాడితే నేను ముందు వరసలో కూర్చుంటా.